థియేటరు దొరకని సినిమాకు వచ్చిన సమీక్షలను చదవడం ఎలా?

పదిహేను ఇరవైమంది కలిసి నెలకొక సినిమా చూసే చోట, ప్రదర్శనకు ముందు పది నిమిషాలు మాట్లాడే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. చిత్రం పేరున్నదైతే చిక్కు లేదు. ఎవరూ వినని చిన్న స్వతంత్ర చిత్రమైతే మాత్రం, మాట్లాడవలసిన మనిషి ముందురోజు రాత్రి కూర్చుని దొరికిన నాలుగు సమీక్షల్లోంచి నాలుగు వాక్యాలు ఏరుకుని, మర్నాడు "విమర్శకుల ప్రశంసలు అందుకున్న గొప్ప చిత్రం" అని చెప్పి దిగిపోతాడు. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒకసారి అమెరికన్ చిత్రం "కిల్లర్ ఆఫ్ షీప్" గురించి అలాగే మాట్లాడి, "1977లో విడుదలై విమర్శకుల మన్ననలు పొందింది" అన్నప్పుడు, వెనక వరసలోంచి ఒక పెద్దాయన "ఏ థియేటర్లో ఆడిందండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తరవాత వెతికితే, ఆ వాక్యంలో విడుదల అన్న మాటా తప్పేనని, మన్ననలు అన్న మాటా సగమే నిజమని తేలింది.

ఆ తప్పు దిద్దుకునే క్రమంలో నాకు అలవడిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. చిన్న చిత్రాల గురించి మాట్లాడవలసినవారికి, పత్రికకు రెండు పేజీలు రాయవలసినవారికి ఇది పనికి రావచ్చు. ఉదాహరణకు ఆ ఒక్క చిత్రాన్నే తీసుకుంటాను. ఎందుకంటే సమీక్షలు ఎన్ని రకాలుగా దారి తప్పించగలవో, అవే ఎంత నేర్పించగలవో రెండూ అందులో ఉన్నాయి.

సమీక్షల కంటే ముందు సినిమా

మొదట చిత్రాన్ని ఏమీ చదవకుండా చూడాలి. ఇది అందరూ ఇచ్చే సలహాయే కాని, చూసిన వెంటనే చేయవలసిన పని ఒకటుంది: విశేషణాలు లేకుండా దృశ్యాల జాబితా రాసుకోవాలి. "హృదయవిదారకమైన దృశ్యం" అని రాస్తే అది అప్పుడే సమీక్ష అయిపోయింది. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అన్నంతవరకే రాయాలి.

"కిల్లర్ ఆఫ్ షీప్" లాస్ ఏంజెలస్ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా నివసించే వాట్స్ ప్రాంతపు కథ. స్టాన్ అనే మనిషి గొర్రెల కబేళాలో పనిచేస్తుంటాడు; నిద్ర పట్టదు; భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఎనభై నిమిషాల సినిమాలో కథ అని చెప్పుకోవడానికి ఇంతకు మించి దాదాపు ఏమీ లేదు. అయితే నా జాబితాలో ఇలాంటివి ఉన్నాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చున్న స్టాన్ వేడి టీ కప్పును చెంపకు ఆనించుకుని, ఆ వెచ్చదనం ఆడదాని దగ్గరితనాన్ని గుర్తు చేస్తుందంటాడు. ఎదురుగా ఉన్న స్నేహితుడు దాన్ని నవ్వులాటకు తిప్పేస్తాడు. స్టాన్, అతని భార్య కిటికీ ముందు గ్రామఫోను పాటకు మెల్లగా నాట్యం చేస్తారు. పాట అయ్యాక ఆమె అతణ్ణి దగ్గరకు తీసుకోబోతే అతను విడిపించుకుని వెళ్ళిపోతాడు. ఆమె కిటికీ దగ్గర ఒక్కతే మిగులుతుంది. ఇంకొక చోట, స్టాన్, అతని స్నేహితుడు డబ్బు పోసి పాత కారు ఇంజను కొని, మెట్ల మీదుగా ఆయాసపడుతూ దాన్ని కిందికి మోసుకొచ్చి, పికప్ బండి వెనక అంచు మీద పెడతారు. ఇంకొంచెం లోపలికి నెడదామంటే, వేలు నలిగిన స్నేహితుడు అక్కర్లేదంటాడు. బండి ఎత్తు మీదికి కదలగానే ఇంజను రోడ్డు మీద పడిపోతుంది. ఇద్దరూ దిగి చూసి, మళ్ళీ బండెక్కి, దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోతారు. కదిలే బండి మీద ఉన్న కెమెరాకు ఆ ఇంజను చిన్నదవుతూ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ జాబితా ఎందుకంటే, తరవాత చదవబోయే ప్రతి సమీక్షనూ దీని పక్కన పెట్టి చూడవచ్చు. ఏ దృశ్యాన్ని అందరూ ప్రస్తావిస్తున్నారు, ఏ దృశ్యాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇంజను గురించి రాయనివారు అరుదు. ఆడవాళ్ళంతా ఒకచోట చేరి, అందులో ఒక అమ్మాయి తాను గర్భవతినన్న సంగతిని మాట లేకుండా చేతి సైగతో చెప్పే దృశ్యం చిత్రం చివరలో వస్తుంది. దాని గురించి రాసినవారు తక్కువ. నా దృష్టిలో చిత్రం మొత్తానికి దారి చూపించే దృశ్యం అదే.

ఒక కాగితం మీద తేదీలు

తరవాతి పని తేదీల పట్టీ. పెద్ద సినిమాకు విడుదల తేదీ ఒక్కటి చాలు. చిన్న సినిమాకు తీసిన సంవత్సరం, పూర్తయిన సంవత్సరం, మొదట చూపించిన రోజు, బహుమతులు వచ్చిన సంవత్సరాలు, థియేటరుకు వచ్చిన రోజు అన్నీ వేరువేరుగా ఉంటాయి. వాటి మధ్య ఖాళీల్లోనే అసలు సంగతి దాగి ఉంటుంది.

చిత్ర దర్శకుడు చార్లెస్ బర్నెట్ మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో 1944లో పుట్టి వాట్స్‌లో పెరిగారు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పట్టా కోసం సమర్పించిన చిత్రం ఇది. రాసినది, తీసినది, కెమెరా పట్టినది, ఎడిటింగ్ చేసినది అన్నీ ఆయనే. ప్రధానంగా 1972, 1973 సంవత్సరాల్లో శని ఆదివారాలు షూటింగు జరిగింది. నటించినవారిలో ఎక్కువమంది ఆ వీధుల్లో ఉండేవారు, స్నేహితులు. మొత్తం ఖర్చు 10,000 డాలర్ల లోపు. చిత్రం 1977లో పూర్తయింది. 1978 నవంబరులో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో చూపించారు. 1981లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి వచ్చింది. 1990లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని భద్రపరచవలసిన చిత్రాల జాతీయ జాబితాలో చేర్చింది. థియేటర్లలో విడుదలైనది మాత్రం 2007లో.

ఈ పట్టీని ఒకసారి నెమ్మదిగా చూడండి. దేశం తన సంపదగా గుర్తించిన తరవాత కూడా మరో 17 ఏళ్ళపాటు ఆ దేశపు ప్రేక్షకుడు టికెట్టు కొని ఈ సినిమా చూసే వీలు లేకపోయింది. కారణం సెన్సారు కాదు, రాజకీయమూ కాదు, పాటల హక్కులు. బర్నెట్ దీన్ని థియేటర్ల కోసం తీయలేదు కనుక పాల్ రోబ్సన్, డైనా వాషింగ్టన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వంటి గాయకుల రికార్డులను అనుమతుల జోలికి పోకుండా వాడుకున్నారు. చివరకు ఆ హక్కులకు అయిన ఖర్చు 1,50,000 డాలర్లు. అంటే సినిమా తీయడానికి అయిన ఖర్చుకు 15 రెట్లకు పైనే. పాటలు తీసేయవచ్చు కదా అనిపించవచ్చు. రాళ్ళూ రప్పల మధ్య ఆడుకునే పిల్లల మీద, తన ఇల్లనదగిన దేశాన్ని పొగుడుతూ రోబ్సన్ గొంతు వినిపించే చోట ఆ పాట తీసేస్తే మిగిలేది ఏమిటో ఊహించుకుంటే, ఆయన ఎందుకు ఆగారో అర్థమవుతుంది.

కాబట్టి సమీక్షలు తక్కువగా ఉంటే, దాన్ని వెంటనే "విమర్శకులు పట్టించుకోలేదు" అని రాయకూడదు. థియేటరుకు రాని సినిమాకు దినపత్రికలో స్థలం ఉండదు. మ్యూజియంలోనో, విశ్వవిద్యాలయంలోనో, ఉత్సవంలోనో ఒకటి రెండు రోజులు చూపించిన సినిమా గురించి రాసేవారు కొద్దిమందే ఉంటారు. ఆ మౌనాన్ని కూడా తేదీల పట్టీలో రాసుకోవాలి. దాని పక్కన కారణం తెలిస్తే కారణం కూడా.

ఏ ప్రింటు చూసి రాశారు?

సమీక్ష కింద తేదీ చూడగానే వేసుకోవలసిన ప్రశ్న ఇది. 2007కు ముందు ఈ సినిమా 16 ఎంఎం (సన్నని ఫిల్ము) ప్రింట్ల మీద తిరిగింది. థియేటరు విడుదలకు ముందు విశ్వవిద్యాలయపు ఫిల్మ్ ఆర్కైవ్‌లో రాస్ లిప్‌మన్ దాన్ని థియేటర్లలో వాడే వెడల్పైన 35 ఎంఎం ఫిల్ముకు పునరుద్ధరించారు. మైల్‌స్టోన్ అనే చిన్న పంపిణీ సంస్థ విడుదల చేసింది. వెలుగు నీడలు మసకబారిన ప్రింటు మీద, గరగరలాడే మాటలతో చూసినవారికి "అనుభవం లేని పని" అనిపించడంలో ఎంత సినిమా లోపమో, ఎంత ప్రింటు లోపమో తేల్చడం కష్టం. బర్నెట్ బొమ్మను కూర్చే తీరు శుభ్రమైన ప్రింటులో చూస్తే, ఒక మేడ మీదినుంచి ఇంకొక మేడ మీదికి పిల్లలు దూకే షాట్ ఎంత లెక్కగా తీసినదో తెలుస్తుంది.

ఇంకొక తేడా మరీ సూక్ష్మమైనది. మొదటి ప్రింట్లలో చిత్రం చివర డైనా వాషింగ్టన్ పాడిన "అన్‌ఫర్‌గెటబుల్" వినిపించేది. 2007 నాటికి దాని హక్కు దొరకకపోవడంతో, మధ్యలో నాట్యం దృశ్యంలో వచ్చే ఆమె పాట "దిస్ బిట్టర్ ఎర్త్"నే చివర కూడా పెట్టారు. 2025లో కొత్తగా 4కె రూపంలో వచ్చినప్పుడు మొదటి పాట మళ్ళీ చోటు చేసుకుంది. 2007లో సమీక్ష రాసినవారు, చివర తిరిగి వినిపించే పాట మధ్యలోని నాట్యాన్ని గుర్తు చేస్తుందని రాస్తే, అది వారి తప్పు కాదు. వారు చూసిన ప్రింటులో నిజంగానే అలా ఉంది. మీరు చూస్తున్న ప్రింటులో అలా లేకపోతే, ఆ వాక్యాన్ని ఎత్తి రాసినప్పుడు తప్పు మీదవుతుంది.

వర్ణన ఒక పక్క, తీర్పు ఒక పక్క

ఇక సమీక్షలు చదవడం. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు సమీక్షకుడు సినిమాలో ఏం ఉందని చెప్పాడో, కుడివైపు అది బాగుందన్నాడో లేదన్నాడో రాసుకోవాలి. మొదట ఇది పిల్లల పనిలాగా అనిపిస్తుంది కాని, నాకు ఇంతకన్నా ఉపకరించిన పద్ధతి లేదు. ఒకరినొకరు కాదన్న సమీక్షకులు చాలాసార్లు ఎడమవైపున ఒకే మాట చెప్పి ఉంటారు.

షికాగో విమర్శకుడు రోజర్ ఎబర్ట్ రాసిన రెండు వ్యాసాలు దీనికి చక్కటి నిదర్శనం. మొదటి సమీక్షలో ఆయన, దర్శకుడు తన పాత్రల గురించి పెద్ద మాటేదీ చెప్పకుండా, పేదరికం వల్ల ఎంచుకునే స్వేచ్ఛ లేని బతుకుల్లోని రోజువారీ పనులను చూపించి ఊరుకున్నాడన్న అర్థంలో రాశారు. అది ఫిర్యాదు. 2007లో చిత్రం థియేటర్లకు వచ్చాక మళ్ళీ రాస్తూ, తన పాత వాక్యాన్ని తానే ఉదహరించి, ఆ చూపించడమే పెద్ద మాట చెప్పడమని అప్పుడే గ్రహించవలసిందని ఒప్పుకున్నారు. ఎడమవైపు ఒక్క అక్షరం మారలేదు. కుడివైపు మాత్రం తిరగబడింది. వేరువేరు కాలాల్లో ఒకే మనిషి రాసిన ఈ రెండు తీర్పులను పక్కపక్కన చదివి వినిపిస్తే, పది నిమిషాల ప్రసంగంలో సగం పని అయిపోయినట్టే. తన పాత సమీక్షను దాచుకోకుండా బయటపెట్టి దిద్దుకునే విమర్శకులు ఏ భాషలోనూ ఎక్కువమంది ఉండరు కనుక, ఆయన మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఒకే పత్రిక వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషుల చేత రాయించినవి కూడా ఇలాగే పోల్చవచ్చు. 1978లో విట్నీ ప్రదర్శన గురించి న్యూయార్క్ టైమ్స్‌లో జానెట్ మాస్లిన్ రాసినదాంట్లో ఉత్సాహం కనిపించదు. నటించినవారు వృత్తి నటులు కారన్న సంగతి శీర్షికలోనే ఉంది. అదే పత్రికలో 2007 మార్చి 30న మనోలా డార్గిస్ ఆకాశానికెత్తారు. ఇక్కడ తొందరపడి మొదటి ఆమెకు కళ్ళు లేవని, రెండో ఆమెకు ఉన్నాయని తేల్చేయడం తేలిక. అలా చేయవద్దు. మొదటి సమీక్షకు ముందు ఈ సినిమా గురించి ఎవరూ ఏమీ చెప్పి ఉండలేదు. అదొక విద్యార్థి చిత్రం, ఒక మ్యూజియంలో కొద్ది రోజుల ప్రదర్శన. రెండో సమీక్ష నాటికి బెర్లిన్ బహుమతి, జాతీయ జాబితా, 2002లో అమెరికా జాతీయ చలనచిత్ర విమర్శకుల సంఘం ప్రకటించిన 100 ముఖ్య చిత్రాల్లో చోటు, అన్నీ వచ్చి ఉన్నాయి. వట్టి చేతులతో సినిమా ముందు కూర్చున్న విమర్శకుడి మాటకు, అది మనకు నచ్చకపోయినా, ఒక విలువ ఉంది.

ఏం ఎదురుచూసి వచ్చారు?

ఆనాటి సమీక్షకుడు ఏ సినిమాలు చూస్తూ ఈ సినిమాకు వచ్చాడో కొంచెం తెలుసుకోవాలి. 1970 దశకం మొదటి సగంలో నల్లజాతి కథానాయకులతో హాలీవుడ్‌లో వచ్చినవి ఎక్కువగా తుపాకులు, ఛేజింగులు ఉన్న చిత్రాలు. వాట్స్ అన్న పేరు వినగానే అమెరికన్ పాఠకుడికి 1965 ఆగస్టులో ఆరు రోజులు సాగి 34 మందిని బలిగొన్న అల్లర్లు గుర్తుకొచ్చేవి. ఇటు విశ్వవిద్యాలయంలో శ్రామికుల గురించి విద్యార్థులు తీసే చిత్రాల్లో, సమస్య ఇదీ, పరిష్కారం ఇదీ అని చివర్లో తేల్చి చెప్పే పద్ధతి ఉండేదని, తన చుట్టూ ఉన్న బతుకులకు అంత తేలికైన పరిష్కారం లేదు కనుక తాను అలా తీయలేదని బర్నెట్ తరవాతి కాలంలో ఇంటర్వ్యూల్లో చెప్పారు. తుపాకీ కోసం వచ్చినవారికీ, పరిష్కారం కోసం వచ్చినవారికీ టీ కప్పు దొరికింది. "ఏమీ జరగదు" అన్న ఫిర్యాదు ఎక్కడినుంచి వచ్చిందో దీనితో కొంత బోధపడుతుంది.

అప్పు తెచ్చుకున్న మాటలను కూడా గుర్తు పెట్టాలి. ఈ చిత్రం మీద వచ్చిన వ్యాసాల్లో "ఇటాలియన్ నియోరియలిజం" (రెండో ప్రపంచయుద్ధం తరవాత ఇటలీలో వచ్చిన వాస్తవిక సినిమా ధోరణి) అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో గీతలు గీసి లెక్కపెట్టండి. అది తప్పని కాదు. వీధి మనుషులు, నిజమైన ఇళ్ళు, సహజమైన వెలుతురు చూసి ఎవరికైనా అదే తట్టుతుంది. కాని బర్నెట్ తన గురువుగా చెప్పుకునేది విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన బ్రిటిష్ డాక్యుమెంటరీ దర్శకుడు బేసిల్ రైట్‌ను. చిత్రీకరిస్తున్న మనుషుల పట్ల గౌరవం ఉండాలన్నది ఆయన దగ్గర నేర్చుకున్నానని అంటారు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చిన పోలికను మనం కూడా అందుకుని ముందుకు పంపడం కన్నా, పోలిక పుట్టిన కారణాన్ని రెండు వాక్యాల్లో చెప్పడం మేలు.

శాతాలు, బహుమతులు

సమీక్షలన్నిటినీ కూడి శాతం చెప్పే సైట్లను ఇటువంటి చిత్రానికి నమ్ముకోవద్దు. అవి ఇంటర్నెట్ కాలంలో పుట్టినవి. వాటిలో కనిపించేవి ఎక్కువగా 2007 తరవాతి సమీక్షలే కనుక, అప్పటికే గొప్పదని పేరు పడ్డ సినిమాకు గొప్ప శాతం రావడంలో వింత లేదు. మొదట అయోమయపడినవారు ఆ లెక్కలో ఉండరు.

బహుమతుల విషయంలో మన తెలుగువారికి ఒక బలహీనత ఉంది. బి. నర్సింగరావు గారి "దాసి"కి 1988 సంవత్సరానికి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ చిత్రం గురించి మాట్లాడమంటే చాలామంది ఆ అయిదూ వల్లించి, నటి అర్చన పేరు చెప్పి ఆగిపోతారు. పురస్కారం ఎవరు ఇచ్చారు, దాని వల్ల సినిమా ఎవరికి చేరింది అన్నది చెప్పకపోతే ఆ జాబితాకు అర్థం లేదు. బెర్లిన్ బహుమతి విమర్శకులు ఇచ్చినది, అది వారి అభిప్రాయం. జాతీయ జాబితాలో చేర్చడం భద్రపరచడం కోసం, అది సమీక్ష కాదు. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపి "పురస్కారాలు" అనడం, పెళ్ళి కార్డునూ రేషన్ కార్డునూ ఒకే కవర్లో పెట్టడం లాంటిది.

చెప్పేటప్పుడు

ప్రదర్శనకు ముందు మాట్లాడేటప్పుడు తీర్పులతో మొదలు పెట్టవద్దు. తీసిన కాలం, ఖర్చు, పాటల చిక్కు చెబితే చాలు; ప్రేక్షకుడు తెరవైపు తిరుగుతాడు. సమీక్షలను ప్రదర్శన అయ్యాక చదవాలి, అందులోనూ ప్రతికూలమైనది ముందు చదవాలి. సినిమా నచ్చనివారు ఆ గదిలో తప్పకుండా ఉంటారు, ముందే పొగడ్తలు వింటే వారు నోరు విప్పరు. తెలుగులోకి తెచ్చేటప్పుడు సమీక్షకుడి ఒక్క విశేషణాన్ని పట్టుకుని అనువదించకుండా, అతను ఏ దృశ్యం చూసి ఆ మాట అన్నాడో దానితో కలిపి చెప్పాలి. విశేషణం ఒక్కటే ఒడ్డు దాటితే అది సినిమా పోస్టరు భాష అయిపోతుంది.

మేము ఈ చిత్రాన్ని రెండోసారి చూపించినప్పుడు, బండ్ల మెకానిక్కుగా పనిచేసే ఒకాయన పక్కింటివారి వెంట వచ్చారు. ఇంజను పడిపోయే దృశ్యం దగ్గర ముందు ఆయనే గట్టిగా నవ్వారు. చర్చలో ఒకరు, నేను చదివి వినిపించిన సమీక్షలో ఉన్నట్టే, అది ఆశలు జారిపోవడానికి ప్రతీక అని వివరిస్తుంటే ఆయన అడ్డు వచ్చి, "ప్రతీక సంగతి నాకు తెలీదు గానీ, బ్లాకు పగిలిందంటే అది ఇక ఇనుప సామానుకే. మళ్ళీ ఎక్కించుకుంటే మోసిన కూలి కూడా దండగ. అందుకే వదిలేశారు, వాళ్ళకు పని తెలుసు" అన్నారు. అప్పటిదాకా అది ఓడిపోవడంగానే చూసిన మేమంతా కాసేపు ఊరుకున్నాం. నా కాగితం మీద ఎబర్ట్, మాస్లిన్, డార్గిస్‌ల కింద, ఎడమవైపున, ఆ రాత్రి తేదీ వేసి ఆ మాట రాసుకున్నాను.